హైఫాంగ్‌లో ఫ్యాక్టరీ పెట్టే ముందు

ప్రశ్న: ప్లాస్టిక్ విడిభాగాల యూనిట్‌ను వియత్నాంలోని హైఫాంగ్‌లో పెట్టాలనుకుంటున్నాం. అక్కడి కార్మికుల లభ్యతను ఎలా అంచనా వేయాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: 2018లో లాక్ హుయెన్ రేవు తెరిచాక పెద్ద ఓడలు నేరుగా వస్తున్నాయి కాబట్టి రవాణా గురించి బెంగ అక్కర్లేదు, చూడవలసింది మనుషుల సంగతి. ఎల్‌జీ వంటి సంస్థలు అదే ఊళ్లో నియామకాలు జరుపుతున్నప్పుడు, ప్రభుత్వం ప్రాంతాలవారీగా నిర్ణయించే కనీస వేతనాన్ని మాత్రమే లెక్కలో వేసుకుంటే మీ అంచనా తప్పుతుంది. టెట్ పండుగకు (వియత్నాం చాంద్రమాన కొత్త సంవత్సరం) ముందొకసారి, తరువాతొకసారి వెళ్లి (ఈ రెండో ప్రయాణమే ముఖ్యం), పారిశ్రామికవాడ గేటు దగ్గర అంటించిన ప్రకటనలలో జీతంతో పాటు భోజనం, బస్సు, హాజరు బోనస్ ఎంత రాశారో చూడండి. సొంతూళ్లకు వెళ్లినవారు ఏ మేరకు తిరిగి రాలేదో ఆ ప్రకటనల సంఖ్యే చెబుతుంది. 2023 వేసవిలో జలవిద్యుత్ జలాశయాలు అడుగంటి, హైఫాంగ్ ఉన్న ఉత్తర వియత్నాంలో కరెంటు కోతలు వచ్చాయి కనుక, జనరేటర్ ఖర్చును కూడా కలుపుకోండి.