డాక్టర్ సలహా: ఇన్సులిన్ పంపు పెట్టిస్తే పాప షుగర్‌ను అదే చూసుకుంటుందా?

ప్రశ్న: మాది హనుమకొండ జిల్లా పరకాల దగ్గర పల్లె. మా పాపకు 14 ఏళ్లు. తొమ్మిదో ఏట టైప్-1 షుగర్ బయటపడింది. గురుకులంలో ఉండి తొమ్మిదో తరగతి చదువుతోంది. రోజుకు నాలుగు సూదులు వేసుకుంటుంది. అయినా షుగర్ ఒక పూట 60, ఇంకో పూట 350. ఇన్సులిన్ పంపు పెట్టిస్తే ఎంత ఇన్సులిన్ కావాలో అదే చెబుతుందని, ఇక మనకు టెన్షన్ ఉండదని బంధువు ఒకాయన చెప్పారు. మావారు పది గుంటల భూమి అమ్మడానికి కూడా సిద్ధమయ్యారు. పెట్టించమంటారా?

జవాబు: అమ్మా, ముందు భూమి సంగతి. ఇప్పుడే అమ్మకండి. పంపు మంచిదే, కొందరు పిల్లలకు చాలా మంచిది. కానీ దాని ఖర్చు కొన్న రోజుతో అయిపోదు. మిషన్‌కు లక్షల్లో అవుతుంది. ఆ తర్వాత రెండు మూడు రోజులకోసారి మార్చే ట్యూబు సెట్లు, ఇన్సులిన్ నింపే రిజర్వాయర్లు, ఒంటికి అంటించుకుంటే షుగర్ చూపించే సెన్సర్లు కలిపి నెలనెలా వేలల్లో పెట్టాలి. అప్పు చేసి మిషన్ కొని, ఏడాది తిరిగేసరికి సెట్లకు డబ్బుల్లేక బీరువాలో పెట్టేసినవాళ్లను చూశాను. మీకు అలా జరగకూడదు.

ఇక ‘అదే చెబుతుంది’ అన్న మాట. అది నిజమే కానీ, మనం అడిగినదానికే చెబుతుంది. పంపు అరచేతిలో పట్టేంత ఉంటుంది, నడుముకు పెట్టుకుంటారు. దాని సన్నని ట్యూబు చివర ఉండే మెత్తని గొట్టం పొట్ట చర్మం కింద ఉంటుంది. త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే అందులో పోస్తారు. రోజంతా కొద్దికొద్దిగా వదులుతూ, భోజనానికి మనం నొక్కినప్పుడు ఒక్కసారిగా ఎక్కువ ఇస్తుంది. మీ పాప వయసులో తెల్లవారుజామున హార్మోన్ల వల్ల షుగర్ పెరగడం మామూలే. దానికోసం రాత్రి సూది డోసు పెంచితే అర్ధరాత్రి షుగర్ పడిపోతుంది. పంపులో అయితే మూడు నుంచి ఏడు గంటల వరకే డోసు పెంచి పెట్టుకోవచ్చు. నెలసరి ముందు షుగర్ పెరిగే ఆడపిల్లలకు ఆ నాలుగు రోజులూ వేరే సెట్టింగ్ పెట్టొచ్చు. సూదితో ఇంత వీలు ఉండదు.

భోజనం ముందు అది లెక్క ఎలా వేస్తుందో చూడండి. 10 గ్రాముల పిండిపదార్థానికి ఒక యూనిట్, ఒక యూనిట్‌కు 50 పాయింట్ల షుగర్ తగ్గుతుందని, చేరాల్సిన షుగర్ 120 అని డాక్టర్ అందులో పెట్టారనుకుందాం. ఈ అంకెలు ఉదాహరణకే, ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటాయి. పాప షుగర్ 220 ఉంది, 60 గ్రాముల పిండిపదార్థం తినబోతోంది. తిండికి 6 యూనిట్లు, ఎక్కువగా ఉన్న 100 పాయింట్లు తగ్గడానికి 2, మొత్తం 8. కానీ రెండు గంటల క్రితం ఇచ్చిన ఇన్సులిన్‌లో ఇంకా ఒకటిన్నర యూనిట్ ఒంట్లో పనిచేస్తోందని పంపుకు గుర్తుంటుంది. అది తీసేసి ఆరున్నర చూపిస్తుంది. సూదులు వేసుకునే పిల్లలు తప్పు చేసేది ఇక్కడే. షుగర్ ఇంకా దిగలేదని మళ్లీ వేసుకుంటారు, రెండూ కలిసి 60కి పడిపోతుంది. మీ పాప 60లకు ఇది కూడా ఒక కారణం కావచ్చు.

ఆ ‘60 గ్రాములు’ మాత్రం మిషన్‌కు మనమే చెప్పాలి. వండిన అన్నం 100 గ్రాముల్లో దాదాపు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. 50 గ్రాముల జొన్నపిండితో చేసిన రొట్టెలో 35 దాకా. హాస్టల్‌లో గరిటెలతో వడ్డిస్తారు కదా, ఆ గరిటెడు అన్నం ఎంత తూగుతుందో ఒకసారి తూకం వేయించండి. రెండు గరిటెలంటే ఎన్ని గ్రాములో పాపకు తెలిస్తే సగం చదువు అయినట్టే. సంక్రాంతికి సకినాలు తిన్నప్పుడు లెక్క మళ్లీ మారుతుంది. నూనె వల్ల షుగర్ నెమ్మదిగా, ఆలస్యంగా ఎక్కుతుంది.

కొత్త పంపులు సెన్సర్‌తో కలిసి పనిచేస్తాయి. మెడ్‌ట్రానిక్ మినీమెడ్ 780జి లాంటివి ఐదు నిమిషాలకోసారి షుగర్ చూసి ఇన్సులిన్‌ను తామే తగ్గిస్తాయి, పెంచుతాయి, పడిపోబోతుంటే ఆపేస్తాయి. ఆపడమే వాటి చేతిలో ఉంది, చక్కెర పెట్టడం మన పనే. 70 కంటే తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. ఇంత తెలివైన పంపుకు కూడా అన్నం లెక్క చెప్పాల్సిందే.

నా దగ్గరికి వచ్చే ఒక అబ్బాయి సంగతి చెబుతాను. పొద్దున లేచేసరికి షుగర్ 380, వాంతులు. పంపు తెరమీద రాత్రంతా ఇన్సులిన్ ఇచ్చినట్టే ఉంది. అలారం మోగలేదు. చొక్కా ఎత్తి చూస్తే అంటించిన స్టిక్కర్ తడిగా ఉంది, ఇన్సులిన్‌కు ఉండే మందు వాసన వస్తోంది. నిద్రలో గొట్టం చర్మంలోంచి బయటకు జారింది. మోటారు తిరిగిందని మిషన్‌కు తెలుసు, ఇన్సులిన్ ఒంట్లోకి వెళ్లిందో లేదో తెలియదు. పంపులో రోజంతా పనిచేసే ఇన్సులిన్ ఉండదు కాబట్టి, సరఫరా ఆగితే కొన్ని గంటల్లోనే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే పంపు ఉన్నా ఇన్సులిన్ సూది వేసుకునే పెన్ను, కీటోన్లు ఉన్నాయేమో చూసే స్ట్రిప్పులు పక్కనే ఉండాలి. షుగర్ 250 దాటి, పంపుతో డోసిచ్చిన గంటకు కూడా దిగకపోతే పెన్నుతో ఇన్సులిన్ వేసి, సెట్ మార్చాలి. కీటోన్లు కనిపిస్తే ఆ గంట కూడా ఆగొద్దు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉంటే వరంగల్‌లో ఎంజీఎం కానీ, దగ్గర్లోని పెద్దాసుపత్రి కానీ, వెంటనే తీసుకెళ్లండి.

ఇంకొకటి చాలామందికి చెప్పరు. మన మందుల షాపుల్లో ఎక్కువగా దొరికే ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. పంపులో పోసేది 100 యూనిట్లది. 40 ది పోస్తే పాపకు అందాల్సినదాంట్లో సగం కూడా అందదు. దీనికంటే ప్రమాదం ఏమిటంటే, పంపు ఆగిందని 100 సీసాలోంచి ఎర్రమూత ఉన్న 40 సిరంజితో తీయడం. నాలుగో గీత వరకు తీస్తే 4 కాదు, 10 యూనిట్లు వస్తాయి. ఇంట్లో రెండు రకాలూ ఉంచకండి. మన మే నెల ఎండలూ గుర్తుంచుకోండి. 37 డిగ్రీలు దాటిన వేడి తగిలితే పంపులోని ఇన్సులిన్ పాడవుతుంది, అది మార్చేయాల్సిందే.

ఇప్పుడేం చేయాలంటే, మూడు నెలలు పెన్నుతోనే ఉండండి. వీలైతే 14 రోజులు పనిచేసే సెన్సర్ ఒకసారి పెట్టించి రాత్రి షుగర్ ఎలా నడుస్తోందో చూడండి. పాప చేత నోట్‌బుక్‌లో మూడే రాయించండి: తినేముందు షుగర్, ఎన్ని గరిటెలు తిన్నది, ఎన్ని యూనిట్లు వేసుకున్నది. 350 వచ్చిన రోజు సూది మరిచిపోయినా తిట్టకండి. తిడితే అంకెలు మార్చి రాస్తారు, ఆ నోట్‌బుక్ ఎందుకూ పనికిరాదు. డోసు మార్పులు మీ డాక్టర్‌ను అడిగే చేయండి. అప్పటికీ తెల్లవారుజామున పెరగడం, రాత్రి పడిపోవడం ఆగకపోతే, లెక్క పాపకు వచ్చేస్తే, నేనే పంపు పెట్టించమంటాను. కొనేముందు కొన్ని రోజులు ట్రయల్ ఇస్తారేమో అడగండి, నెల ఖర్చు కాగితం మీద రాయించుకోండి.

ఈలోగా గురుకులం ప్రిన్సిపాల్‌ను కలిసి, పాప పక్క మంచం పిల్లకు, వార్డెన్ మేడమ్‌కు, షుగర్ పడిపోతే చేయాల్సింది చూపించి రండి. చక్కెర పొట్లం ఆఫీసు అల్మారాలో కాదు, పాప దిండు కింద ఉండాలి.