పద్మిని ఎండలో ఆగిపోతే

చిరంజీవికి,

పెదనాన్న ఆశీస్సులు. నిన్న ఫోన్లో నీ గొంతు వినగానే అర్థమైంది, బాగా టెన్షన్ పడ్డావని. మీ నాన్న ప్రీమియర్ పద్మిని సూర్యాపేట దాటాక మిట్టమధ్యాహ్నం ఆగిపోయిందనీ, తాడు కట్టి లాక్కెళ్లిన మెకానిక్ ‘ఇంజన్ దింపాలి’ అన్నాడనీ చెప్పావు. దింపనివ్వకు. చెట్టు కింద ఇరవై నిమిషాలు పెట్టాక ఒకసారి స్టార్టయిందని నువ్వే అన్నావు కదా. పాడైన ఇంజన్ నీడలో కూర్చుంటే బాగుపడదురా.

షెడ్డుకి ఏ బండి వచ్చినా నేను బానెట్ ఎత్తేముందు డ్రైవరుకే ప్రశ్నలు వేసేవాణ్ణి. చల్లగా ఉన్నప్పుడు మొరాయిస్తోందా, వేడెక్కాకా? టక్కున ఆగిందా, దగ్గి దగ్గి ఆగిందా? మొన్నీమధ్య ఏం మార్పించారు? సగం రోగం ఆ జవాబుల్లోనే బయటపడేది. స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆగితే చాలావరకు కరెంటు తేడా. నాలుగు కుదుపులు కుదిపి, పికప్ పోయి ఆగితే పెట్రోలు అందడం లేదు. నీది రెండోదని నా అనుమానం.

పద్మిని అంటే పాత ఫియట్ 1100 బండే, 1089 సీసీ ఇంజన్. పెట్రోలు పంపు ఇంజన్ పక్కనే బిగించి ఉంటుంది. లోపల ఒక రబ్బరు డయాఫ్రం పైకీ కిందికీ ఆడుతూ ట్యాంకులోంచి పెట్రోలు లాగి, దాన్ని గాలితో కలిపే కార్బొరేటర్‌కి తోస్తుంది. నీళ్లు మరగడానికి 100 డిగ్రీలు కావాలి గానీ పెట్రోలులో తేలికపాటి భాగం అంతకు చాలా ముందే ఆవిరైపోతుంది. రోహిణి కార్తె ఎండకి ఇంజన్ వేడి తోడైతే పంపులోనే ఆవిరి పడుతుంది. డయాఫ్రం ద్రవాన్ని తోయగలదు గానీ ఆవిరిని తోయలేదు. వేపర్ లాక్ అంటారే, అదే. ఒకప్పుడు వేసవిలో విజయవాడ టాక్సీవాళ్లు పంపు మీద తడిగుడ్డ చుట్టుకుని తిరిగేది ఇందుకే.

మళ్లీ ఆగితే వెంటనే, బండి వేడిగా ఉండగానే, ముందు స్పార్క్ చూడు. చల్లారాక చూసి లాభం లేదు, అన్నీ బాగానే కనిపిస్తాయి. ఒక స్పార్క్ ప్లగ్ విప్పి దాని వైరుకే తగిలించి, ప్లగ్ ఒళ్లు ఇంజన్ ఇనుముకి ఆనించి, రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమను. పెట్రోలు కారిన వాసన ఏమాత్రం ఉన్నా ఈ పని చెయ్యొద్దు. నీలంగా, చిటపటమంటూ నిప్పురవ్వ పడితే కరెంటు బాగున్నట్టే. అప్పుడు పంపు మీద తడిగుడ్డ వేసి పదినిమిషాలు ఆగు. స్టార్టయిందంటే దొంగ దొరికాడు.

రవ్వ అసలు పడకపోయినా, ఎర్రగా నీరసంగా పడినా ప్లగ్గులకి కరెంటు పెంచి ఇచ్చే కాయిల్‌ని, పాయింట్లు మాడకుండా కాపాడే కండెన్సర్‌ని అనుమానించు. ఇవి కూడా వేడికే మొండికేస్తాయి, అందుకే చాలామంది పొరబడతారు. ప్లగ్గులకి కరెంటు వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపల కలుస్తూ విడిపోతూ ఉండే పాయింట్లు చూడు. నల్లగా మాడి గుంటలు పడి ఉంటే చాలావరకు కండెన్సర్ పోయిందన్నమాట. పాయింట్లు మాత్రమే మార్చి కండెన్సర్ పాతదే ఉంచితే కొత్తవీ కొద్దిరోజుల్లోనే మాడతాయి. సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజి లేకుండా పాయింట్ల మధ్య గ్యాప్ జోలికి పోకు. అది అర మిల్లీమీటరు కన్నా తక్కువ, కంటికి ఆనదు. ఇంకోటి, ఇంజన్ ఆగి ఉండగా తాళం ఆన్‌లో పెట్టి పాటలు వినొద్దు, కాయిల్ మాడుతుంది.

పంపు దగ్గర ఉన్నావు కాబట్టి ఆయిల్ గేజి పుల్ల కూడా తీసి వాసన చూడు. ఆయిల్ పెట్రోలు వాసన కొడుతూ, పోసినదానికన్నా మట్టం పెరిగి ఉంటే డయాఫ్రం చిరిగి పెట్రోలు కిందికి దిగుతోంది. అలా ఉంటే బండి అస్సలు నడపకు, పల్చబడిన ఆయిల్‌తో బేరింగులు పోతాయి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. మీ నాన్న కొన్ననాటి రబ్బరు దానికోసం చేసింది కాదు. కొన్నాళ్లకి ఉబ్బుతుంది, పగుళ్లు ఇస్తుంది. పెట్రోలు గొట్టాలన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించు. ఇందులో మాత్రం పిసినారితనం వద్దు, బానెట్ కింద కారే పెట్రోలంటే నాకు ఇప్పటికీ భయమే.

పొద్దున్నే సెల్ఫ్ టక్ టక్ మంటోందన్నావు. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టు. లైట్లు దీపం కొండెక్కినట్టు తగ్గిపోతే బ్యాటరీలో దమ్ము లేదు, లేదా టెర్మినళ్లు తుప్పు పట్టాయి. లైట్లు చెక్కుచెదరకుండా వెలుగుతూ టక్ మాత్రమే వస్తుంటే సెల్ఫ్ మోటారు వైపు చూడాలి. బ్యాటరీ విప్పేటప్పుడు నెగిటివ్ ముందు తియ్యి, బిగించేటప్పుడు దాన్ని చివర బిగించు. ఒకసారి ఒక డాక్టరుగారి అంబాసిడర్‌కి ఇదే జబ్బైతే, చూడకుండానే కొత్త బ్యాటరీ వేయించాను. వారం తిరక్కుండా మళ్లీ టక్ టక్. చివరికి చూస్తే ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ పచ్చగా చిలుము పట్టి రెండు పోగుల మీద వేలాడుతోంది. గరుకు కాగితంతో తోమితే పోయేదానికి ఆయన చేత కొత్త బ్యాటరీ కొనిపించాను. ఆయన ఏమీ అనలేదు గానీ మళ్లీ షెడ్డుకి రాలేదు.

హీటెక్కే సంగతి. వేడి మీద రేడియేటర్ మూత తియ్యకు, ఎంత తొందరున్నా సరే. చల్లారాక నీళ్ల మట్టం, ఫ్యాన్ బెల్ట్ బిగువు, రేడియేటర్ రెక్కల్లో దుమ్ము చూడు. మన బోరు నీళ్లు పోస్తే టీ గిన్నెలో పట్టినట్టే లోపల తెల్లటి పొర కడుతుంది, డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పొయ్యి. ‘మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకు’ అని పీకి పారేసేవాళ్లు ఉంటారు, వాళ్ల మాట వినకు. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపే మూత అది, లేకపోతే ఇంజన్ సరైన వేడికి రాక పెట్రోలు తాగుతుంది. అనుమానముంటే విప్పి గిన్నెలో నీళ్లు కాచి అందులో వెయ్యి, నీళ్లు తెర్లకముందే నోరు తెరవాలి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులోకి మారితే మాత్రం ఇంజన్‌కీ దాని పైమూత హెడ్‌కీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే, అప్పుడు హెడ్ విప్పక తప్పదు.

నిజంగా ఇంజన్ దింపాలంటాడా, సిలిండర్లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి పెట్టి నాలుగు సిలిండర్ల అంకెలూ చూపించమను. ఒకదాంట్లో తక్కువొస్తే ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడమను. అంకె పెరిగితే లోపం పిస్టన్ రింగుల్లో, పెరక్కపోతే వాల్వుల్లో. గేజి లేదన్నాడంటే ఇంకో షెడ్డు చూసుకో. పొగ సంగతి కూడా అడుగుతాడు. పొద్దున్నే ఒకసారి నీలం పొగ వదిలి ఆగిపోతే అది వాల్వు సీళ్ల పని, దానికి ఇంజన్ దింపక్కర్లేదు. నల్ల పొగైతే ముందు చోక్, అదే చల్లటి ఇంజన్‌కి పెట్రోలు పాలు పెంచేది, తిరిగి వెనక్కి వచ్చిందో లేదో చూడు.

బ్రేకులు నువ్వు ముట్టుకోకు. పెడల్ మెత్తగా స్పాంజిలా ఉన్నా, తొక్కి పట్టుకుంటే నెమ్మదిగా దిగిపోతున్నా బండి తియ్యకుండా నాకు ఫోన్ చెయ్యి. ఒట్టి జాకీ మీద ఉన్న బండి కిందికి దూరకు, కింద స్టాండ్లు పెట్టాల్సిందే.

డయాఫ్రం కిట్ కోసం ఇక్కడ ఆటోనగర్‌లో వెతుకుతున్నాను. దొరికితే రెండు పంపుతాను. పంపు విప్పాక పాతది పారెయ్యకు, బోల్టు రంధ్రాలు కనిపించేలా ఫొటో తీసి పంపు.

పెదనాన్న