దాతల సొమ్ము సంఘం గడప తొక్కేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

మీ ఊరి పరపతి సంఘానికి విదేశీ దాతలు చవక వడ్డీకి నిధి ఇస్తామన్నారని, ఏం చేయమంటారని అడిగావు. వాళ్ల సాయం తీసుకో నాయనా, అప్పులిచ్చే సొమ్ముగా మాత్రం వద్దు.

నేను పద్దులు చూసిన ఒక సంఘానికి ఇలాంటి నిధే వచ్చింది. మొదటి ఏడాది అంతా సంబరం. తర్వాత పొదుపు చిట్టాలో రోజుకు రెండు మూడు పద్దులే పడేవి. నెలనెలా చిల్లర మూట విప్పి లెక్కపెట్టి కట్టే సభ్యురాలు ఒకామె పాస్‌బుక్ నా ముందు పెట్టి, "ధరలు పెరిగినంత వడ్డీ కూడా రావట్లేదు. అప్పుకి ఎలాగూ వాళ్ల డబ్బుంది, నాదెందుకు?" అంది. జవాబు చెప్పలేకపోయాను. బాకీపడ్డవాళ్లను అడిగితే "పైనుంచి వచ్చిందేగా, చూద్దాం లెండి" అనేవారు. ఇరుగుపొరుగు దాచుకున్న సొమ్మయితే అంత తేలిగ్గా అనగలరా?

లాటిన్ అమెరికాలో 1960, 70ల్లో జరిగిందీ ఇదే. దాతల నిధులు సంఘాల ద్వారా రైతులకు చవక అప్పులుగా వెళ్లాయి. అప్పు కావలసినవాళ్లదే పెత్తనమైంది, పొదుపు చేసేవాళ్లు వెనకబడ్డారు. గ్వాటెమాలాలో 1987లో మొదలైన పథకం దారి మార్చింది. అది కూడా దాతల సొమ్ముతోనే, అంటే అమెరికా ప్రభుత్వ విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ సొమ్ముతోనే నడిచింది, గమనించు. కాకపోతే అక్కడ పొదుపుకు గిట్టుబాటు వడ్డీ ఇవ్వడం, మొండిబాకీలకు ముందే డబ్బు పక్కన పెట్టడం, లెక్కలు సరిచేయడం మీద దృష్టి పెట్టారు. సంఘం ఆర్థికంగా ఎంత గట్టిగా ఉందో చూసే, ప్రపంచ పరపతి సంఘాల మండలి వారి 'పెర్ల్స్' కొలతలు అక్కడే రూపుదిద్దుకున్నాయి. ఆస్తుల్లో 70 నుంచి 80 శాతం సభ్యుల డిపాజిట్లే ఉండాలని, బయటి అప్పు 5 శాతం దాటకూడదని అవి చెబుతాయి. మీ ఆస్తి అప్పుల పట్టీ తీసి ఈ రాత్రే చూసుకో.

జర్మనీలో పల్లె పరపతి సంఘాలకు ఆద్యుడైన రైఫైజన్ కూడా మొదట ధనికుల దాతృత్వాన్నే నమ్ముకున్నాడు. 1864లో హెడ్డెస్‌డోర్ఫ్ సంఘం పెట్టేనాటికి సభ్యుల స్వయంసహాయం వైపు మళ్లాడు.

కాబట్టి దాతలను ఇనప్పెట్టె, కంప్యూటరు, గుమస్తాలకు శిక్షణ, బయటి ఆడిట్ అడుగు. జీతాలు వాళ్లిస్తామంటే, వాళ్లు వెళ్లాక ఎవరిస్తారో ముందే తేల్చుకో. ఇన్ని నెలల్లో ఇంత అప్పు పంచాలన్న షరతు ఉంటే ఒప్పుకోకు. ఆ తొందరలో ఇచ్చిన అప్పులు వసూలు కావడం నేను చూడలేదు.

సంతకం పెట్టేముందు ఒప్పందాన్ని సర్వసభ్య సమావేశంలో బిగ్గరగా చదివించు. పొదుపు చేసేవాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టు.