హన్లే టెలిస్కోపు మీద తొలి రాత్రికి ముందు

అమ్మాయ్,

బెంగళూరు దగ్గరి హొసకోటె కంట్రోల్ రూం నుంచి హన్లే టెలిస్కోపుతో పరిశీలించబోతున్నావని తెలిసి చాలా సంతోషించాను. లద్దాఖ్‌లో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న ఆ రెండు మీటర్ల అద్దానికీ నీ కుర్చీకీ మధ్య ఉన్నది ఉపగ్రహ లింకు. లేచి వెళ్లి చూసే వీలు లేదు కాబట్టి ఏ ఫ్రేము (కెమెరా తీసే ఒక్కో చిత్రం) తర్వాత ఏది తీయాలో సాయంత్రానికే కాగితం మీద ఉండాలి.

ముందు పరికరం సంగతి. ఏ సైకిల్‌కి (పరిశీలన సమయం కేటాయించే విడతకి) ఏది అందుబాటులో ఉందో ప్రకటనలో చూసుకున్నాకే ప్రపోజల్ రాయి. కొత్తదని హెస్ప్ (కాంతిని చాలా సన్నగా విడదీసే స్పెక్ట్రోగ్రాఫ్) వెంట పడకు. 60,000 రిజల్యూషన్‌లో కాంతి ఎంతో పలచగా పరుచుకుంటుంది, మసక సూపర్‌నోవా అయితే రీడ్ నాయిస్‌లోనే (కెమెరాని చదివేటప్పుడు కలిసే రొదలోనే) మునిగిపోతుంది. అలాంటివాటికి చిత్రాలూ, స్పెక్ట్రాలూ రెండూ తీసే పాత హెచ్‌ఎఫ్‌ఓఎస్‌సీయే సరైనది. ప్రకాశవంతమైన నక్షత్రాల రసాయనం చూడాలంటే హెస్ప్.

హన్లే దాదాపు 32.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం. డెక్లినేషన్ (ఆకాశంలో అక్షాంశం లాంటిది) మైనస్ 25 ఉన్న వస్తువు అక్కడ ఎప్పటికీ 32 డిగ్రీలు దాటి పైకి రాదు, ఎయిర్‌మాస్ (కాంతి దాటి రావాల్సిన గాలి మందం, నడినెత్తిన ఉంటే 1) సుమారు 1.9 కంటే తగ్గదు. దానికి ఇంకా దక్షిణాన, తమిళనాడులో ఉన్న కావలూరు అబ్జర్వేటరీ మేలు.

అందరూ దెబ్బతినేది ల్యాంపుల దగ్గర, అంటే తరంగదైర్ఘ్యాల కొలత కోసం తీసే తెలిసిన గీతల దీపాల దగ్గర. హెచ్‌ఎఫ్‌ఓఎస్‌సీ టెలిస్కోపు అడుగున బిగించి ఉంటుంది. టెలిస్కోపు వాలే కొద్దీ పరికరం రవ్వంత వంగి, స్పెక్ట్రమ్ పిక్సెళ్ల మీద జరుగుతుంది. సాయంత్రం తీసిన ఒక్క ల్యాంపుతో రాత్రంతా సరిపెడితే తరంగదైర్ఘ్యాలు తప్పుతాయి, వేగాలు కూడా. అందుకే ప్రతి వస్తువు తర్వాత టెలిస్కోపు కదపకుండా, గ్రిజంని (కాంతిని రంగులుగా విడదీసే గాజు పలకని) బట్టి, గ్రిజం 7కి ఐరన్-ఆర్గాన్, గ్రిజం 8కి ఐరన్-నియాన్ తియ్యి. తర్వాత ఆకాశపు ఆక్సిజన్ గీతలు చూడు: గ్రిజం 7లో 557.7, గ్రిజం 8లో 630.0 నానోమీటర్లు. అవి తమ చోట లేకపోతే ఆ తేడా సవరించాలి. 700 నానోమీటర్లు దాటాక ఫ్రింజింగ్ (డిటెక్టరు వల్ల వచ్చే అలల్లాంటి చారలు) కనిపిస్తుంది, కాబట్టి హాలోజన్ ఫ్లాట్ (హాలోజన్ దీపపు సమానమైన వెలుగుతో తీసే ఫ్రేము) కూడా అదే స్థితిలో తియ్యి.

వస్తువుకి 1.92 ఆర్క్‌సెకన్ల స్లిట్ (కాంతి లోపలికి వెళ్లే సన్నని చీలిక) వాడినా, ఫీజ్ 34 (Feige 34) లాంటి, ప్రకాశం ముందే తెలిసిన ప్రమాణ నక్షత్రానికి 15.4 ఆర్క్‌సెకన్ల వెడల్పు స్లిట్ పెట్టు. సన్న స్లిట్ అంచుల్లో కాంతి పోతుంది, నీలం వైపు ఒకలా, ఎరుపు వైపు ఒకలా. ఆ లోటు ఎంతో తర్వాత తేల్చలేవు.

బయాస్‌లు (వెలుగు పడకుండా తీసే సున్నా సెకన్ల ఫ్రేములు) రాత్రి మూడు నాలుగు విడతలుగా తియ్యి. సంధ్య ఫ్లాట్లు (సంధ్యాకాశం వెలుగుతో తీసేవి) ఫిల్టరుకి ఐదైనా ఉండాలి, ఒక్కోదానిలో 20,000–30,000 కౌంట్లు చాలు. మొదటి ఫ్రేము రాగానే దాని హెడర్‌లో (ఫైలు మొదట ఉండే వివరాల్లో) వస్తువు పేరు, గ్రిజం, స్లిట్ సరిచూడు.

ఏదైనా కొత్త సూపర్‌నోవా పేలితే దానికోసం అబ్జర్వేటరీ వాళ్లు నీ సమయంలోంచి గంటో రెండు గంటలో తీసుకోవచ్చు. జాబితాలో ఏది ముందో, ఏది వదిలెయ్యొచ్చో గుర్తు పెట్టుకో. పలచటి మబ్బు రాత్రికి రెండు ప్రకాశవంతమైన నక్షత్రాలు విడిగా ఉంచు.

ఆశీస్సులతో,
బాబాయ్