కొరియన్ డ్రామా హీరోలు మంచి ఊపులో ఉండగా ఏడాదిన్నర, రెండేళ్లు ఎందుకు కనిపించరు?

సైనిక సేవకు వెళ్తారు. దక్షిణ కొరియాలో ఆరోగ్యవంతులైన మగవాళ్లందరికీ అది చట్టప్రకారం తప్పనిసరి. ఆర్మీలో 18 నెలలు, నేవీలో 20, ఎయిర్‌ఫోర్స్‌లో 21. చదువు వంటి కారణాలు చూపి సాధారణంగా 28 ఏళ్ల దాకా వాయిదా వేసుకోవచ్చు. నటులకు సరిగ్గా పేరొచ్చే వయసూ అదే, అభిమానులకు అంత బాధ అందుకే. సేవలో ఉండగా డబ్బు తీసుకుని నటించడం కుదరదు.

అలాంటప్పుడు కొత్త డ్రామా ఎలా వస్తుంది? ముందే తీసి పెడతారు. నటుడు పార్క్ బో-గమ్ 2020 ఆగస్టు 31న నేవీలో చేరారు. ఆయన డ్రామా 'రికార్డ్ ఆఫ్ యూత్' ప్రసారం మొదలైంది వారం తర్వాత, సెప్టెంబర్ 7న. షూటింగంతా ఆయన వెళ్లకముందే అయిపోయింది. కాబట్టి డ్రామా ప్రసారమవుతోందంటే హీరో బయటే ఉన్నారని అనుకోకూడదు.

పెద్ద స్టార్లకు మినహాయింపు ఉంటుందన్నది చాలామంది పొరపాటు. పతకాలతో ఆ వెసులుబాటు దక్కేది క్రీడాకారులకు: ఒలింపిక్స్‌లో ఏ పతకమైనా, ఆసియా క్రీడల్లో అయితే స్వర్ణమే. నిర్ణీత పోటీల్లో గెలిచిన శాస్త్రీయ సంగీత, నృత్య కళాకారులకూ ఉంది. వాళ్లు కూడా కొన్ని వారాల ప్రాథమిక శిక్షణ పూర్తిచేయాలి. డ్రామా నటులకు మాత్రం ఎంత పేరున్నా ఆ దారి లేదు. ఆరోగ్య పరీక్షలో తక్కువ గ్రేడు వచ్చినవాళ్లు బ్యారక్‌ల బదులు ప్రభుత్వ కార్యాలయాల్లో 21 నెలలు పనిచేస్తారు.