ఆస్ట్రేలియాలో మాస్టర్స్ చదువుతూ బడిలో వాలంటీరుగా చేస్తే తరవాత ఉద్యోగానికి పనికొస్తుందా?

పనికిరాదు. కనీసం నాకు పనికిరాలేదు. 2019 ఏప్రిల్ నుంచి దాదాపు ఏడాది పాటు, మెల్‌బోర్న్‌లో అకౌంటింగ్ చదువుతూ, ప్రతి బుధవారం ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్లాను. రెజ్యూమేలో దానికి ఒక వరుస కేటాయించాను. ఆ తరవాత వెళ్లిన ఇంటర్వ్యూలలో ఒక్కరంటే ఒక్కరు ఆ వరుస గురించి అడగలేదు. మీ ప్రశ్నకు జవాబు అయిపోయింది కాబట్టి ఇక అసలు సంగతి చెబుతాను.

నేను వెళ్లింది సేవ చేద్దామని కాదు. మెల్‌బోర్న్‌లోనే ఫుట్‌స్క్రే అనే పేటలో మా గదిలో ఉండే సీనియర్ అన్న "ఇక్కడి అనుభవం ఏదో ఒకటి చూపించాలిరా, లేకపోతే రెజ్యూమే తెరిచి కూడా చూడరు" అన్నాడు. మిగతా ఇద్దరూ "జీతం లేని పనికి విమానం ఎక్కి ఇంత దూరం రావాలా" అని నవ్వారు. వాళ్ల నవ్వులో న్యాయం లేకపోలేదు. అప్పట్లో స్టూడెంట్ వీసా మీద, క్లాసులు జరిగే రోజుల్లో, రెండు వారాలకు 40 గంటలే పని చేయనిచ్చేవారు. 2023 జూలై నుంచి 48 చేశారు. ఆ గంటలన్నీ నేను పెట్రోల్ బంకులో రాత్రిపూట ఖర్చు పెట్టేవాణ్ని. నిజమైన వాలంటీరు పని ఆ లెక్కలోకి రాదు. అయితే లాభం కోసం నడిచే చోట చేయకూడదు, ఇంకొకరికి జీతమిచ్చి చేయించే పని అయి ఉండకూడదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, "ముందు రెండు వారాలు వాలంటీరుగా చేసి చూపించు" అంటూ మన పిల్లలతో గిన్నెలు తోమించే హోటళ్లవాళ్లు ఉన్నారు. దాన్ని మా ఊళ్లో వెట్టి అంటారు.

బడిలో నాకిచ్చిన పని చాలా చిన్నది. తరగతి గది తలుపు తీసే ఉంటుంది. బయట వరండాలో రెండు పొట్టి కుర్చీలు వేస్తారు. నేను కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలేవి. ఒకటో తరగతి పిల్లలు ఒక్కొక్కరే పుస్తకం పట్టుకుని వస్తారు, పది నిమిషాలు చదువుతారు, నేను వినాలి. అంతే. వినడమే కదా, ఇంటర్లో లెక్చరర్లు చెప్పింది రెండేళ్లు విన్నవాణ్ని, ఇదొక లెక్కా అనుకున్నాను.

ఇంట్లో వియత్నాం భాష మాట్లాడే ఒక పిల్లవాడు ఉండేవాడు. ఆరేళ్లుంటాయి, ముందు పళ్లు రెండూ ఊడాయి. ఏదైనా మాట దగ్గర ఆగితే తల ఎత్తి నా ముఖంలోకి చూసేవాడు. రెండు సెకన్లు చూస్తే చాలు, నేను ఆ మాట అందించేసేవాణ్ని. వాడు దాన్ని పట్టుకుని ముందుకు పోయేవాడు. నెల తిరిగేసరికి పుస్తకాలు గబగబా పూర్తవుతున్నాయి. నేను మంచి గురువునని లోలోపల పొంగిపోతున్నాను. ఒక బుధవారం టీచరమ్మ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నారు. వాడు లోపలికి వెళ్లాక నవ్వుతూ, "ఈ రోజు పుస్తకం చదివింది వాడు కాదు, మీరు" అన్నారు. వాడు ఆగినప్పుడు మనసులో పది లెక్కపెట్టమన్నారు. పది అయ్యేదాకా నోరు తెరవకూడదు.

పది లెక్కపెట్టడం ఎంత కష్టమో చేసి చూడండి. ఎంసెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు ఇచ్చేవారు. ప్రశ్న మీద నిమిషం దాటితే నేరం చేసినట్టు ఉలిక్కిపడేలా విజయవాడ హాస్టల్లో నన్ను తయారు చేశారు. అంతకు ముందు మాత్రం ఏమిటి? మన ఇళ్లకు ఎవరైనా వచ్చి "నీ పేరేమిటి నాన్నా?" అని పిల్లవాణ్ని అడిగితే, వాడు నోరు తెరిచేలోపు తల్లి చెప్పేస్తుంది. ఏ తరగతి అంటే తండ్రి చెబుతాడు. చివరికి "ఏమిటో, మావాడికి సిగ్గెక్కువ" అని ఇద్దరూ కలిసి చెబుతారు. తెలుగువాళ్లలో పదిమందిని పట్టుకుంటే తొమ్మిదిమందికి ఎదుటివాడు ఆలోచిస్తుంటే ఊరుకోవడం చేతకాదు. ఇది నేను లెక్కలు తీసి చెప్పడం లేదు, నన్ను నేను చూసుకుని చెబుతున్నాను.

తరవాతి బుధవారం వాడు 'నైట్' అనే మాట దగ్గర ఆగాడు. పైన బొమ్మలో చందమామ ఉంది. "మూన్" అన్నాడు ధీమాగా. నేను పలకలేదు. మళ్లీ మాట వైపు చూసి "ని... నిగ్..." అని నా ముఖంలోకి చూశాడు. నేను లోపల లెక్కపెడుతున్నాను గాని పెదవులు కదులుతున్నాయి కాబోలు, "ఏం చెబుతున్నావు?" అని అడిగాడు. మా భాషలో అంకెలు లెక్కపెడుతున్నానన్నాను. పైకి లెక్కపెట్టమన్నాడు. "ఒకటి, రెండు, మూడు" అన్నానో లేదో, "మూ! మూన్!" అని బొమ్మ మీద వేలు పెట్టి విరగబడి నవ్వాడు. ఇద్దరం నవ్వాం. నేను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి వాడి వేలు చందమామ మీద నుంచి జారి అక్షరాల కింద నడిచింది. ఐదు దగ్గర పెదవులు కదిలాయి. ఏడు దగ్గర నాలుక ఊడిన పళ్ల సందులోంచి బయటికొచ్చింది. ఎనిమిది అంటుండగా "నైట్!" అని వరండా అదిరేలా అరిచాడు. లోపల పిల్లలంతా ఇటు తిరిగారు.

ఆ రోజు నుంచి మాట దగ్గర ఆగితే వాడే లెక్క మొదలుపెట్టమనేవాడు. కొన్నాళ్లకు తనే లెక్కపెట్టుకోసాగాడు. కష్టమైన మాట వస్తే "ఆ...రు" అని సాగదీసి గడువు పొడిగించుకునేవాడు. 'తొమ్మిది' మాత్రం చివరిదాకా వాడికి లొంగలేదు.

బొమ్మ చూసి మాటను ఊహించమనే ఆ బడి పద్ధతి మీద నాకు అప్పుడే అనుమానం ఉండేది. గుణింతం దిద్దినవాడికి బొమ్మతో ఏం పని? అర్థం తెలియకపోయినా పైకి చదివేస్తాడు. 2025 నుంచి, మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో చిన్న తరగతులకు రోజూ 25 నిమిషాలు అక్షరాల ధ్వనులు నేర్పాలని పెట్టారు. మా తెనాలి అమ్మమ్మను అడిగి ఉంటే ఎప్పుడో చెప్పేది.

నా ఘనకార్యాలు అన్నీ ఇలాంటివే అనుకోకండి. రెండో వారమే వరండాలో, అమ్మ పంపిన పల్లీ చిక్కీ పొట్లం విప్పాను. టీచరమ్మ పరుగున వచ్చి దాన్ని తేలును పట్టినట్టు రెండు వేళ్లతో తీసుకుని, సంచిలో కట్టేసి, నన్ను చేతులు కడుక్కు రమ్మన్నారు. తరవాత స్టాఫ్ రూములో గోడ చూపించారు. పిల్లల ఫోటోలు, ఒక్కొక్కరి కింద ఎవరికి ఏది పడదు, పొరపాటున తింటే ఏ క్రమంలో ఏం చేయాలి, ప్రాణం మీదకొస్తే పొడిచే ఇంజక్షన్ పెన్ను ఎక్కడుంది. నేను వినే పిల్లల్లో ఒకమ్మాయి ఫోటో కింద వేరుశనగ అని ఉంది. మెల్‌బోర్న్‌లో ఏడాది పిల్లలను పరీక్షిస్తే పదిమందిలో ఒకరికి ఏదో ఒక ఆహారం పడదని తేలిందట. చిక్కీ తింటూ పెరిగినవాడికి ఆ గోడ చూశాక నోట మాట రాలేదు.

కోవిడ్ వల్ల విక్టోరియాలో బడులకు సెలవులు అనుకున్నదానికంటే ముందే, 2020 మార్చి 24 నుంచే ఇచ్చేశారు. తరవాత చదువంతా కంప్యూటర్లలోకి వెళ్లిపోయింది, నా బుధవారాలు ఆగిపోయాయి. వాడు అప్పటికి రెండో తరగతికి వచ్చాడు. వీడ్కోలు చెప్పుకోవడం కుదరలేదు.

మీరు వెళ్లదలిస్తే ఏ కన్సల్టెన్సీకీ డబ్బు కట్టకండి. నేరుగా దగ్గర్లోని బడి ఆఫీసుకు వెళ్లి అడగండి. విక్టోరియాలో అయితే 'వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్' కావాలి, అంటే పిల్లల దగ్గర పనిచేయడానికి మన గతం పరిశీలించి ప్రభుత్వం ఇచ్చే అనుమతి. వాలంటీర్లకు అది ఉచితం, ఐదేళ్లు పనిచేస్తుంది, కాని దానితో జీతం పని చేయకూడదు. వెళ్లేది ఎండాకాలమైతే అంచులు వెడల్పుగా ఉన్న టోపీ కొనుక్కోండి. టోపీ లేనివాళ్లను ఎండలో ఆడనివ్వరు. మొదటి రోజే ఎవరో ఒక ఆరేళ్లవాడు వచ్చి మిమ్మల్ని నీడలో కూర్చోమని ఆజ్ఞాపిస్తాడు.