అద్దె ఇంటి పెరట్లో వేసుకున్న కలప పందిరి ఎవరిది?

ప్రశ్న: మూడేళ్లుగా ఒక ఇండిపెండెంట్ ఇంట్లో అద్దెకు ఉంటున్నాం. సాయంత్రాలు ఆరుబయట కూర్చోవడానికి సొంత ఖర్చుతో పెరట్లో టేకు పెర్గోలా (కలప పందిరి) కట్టించుకున్నాం. నాలుగు కాంక్రీటు దిమ్మెల మీద స్తంభాలను బోల్టులతో బిగించాం, ఒక వైపు దూలాన్ని ఇంటి గోడకు బిగించాం. ముందే వాట్సాప్‌లో అడిగితే యజమాని ‘సరే, కట్టుకోండి’ అన్నారు. ఇప్పుడు ఖాళీ చేస్తామంటే, ‘నేలకూ గోడకూ బిగించినది ఇంటితోపాటు నాదే, విప్పితే అడ్వాన్సు ఇవ్వను’ అంటున్నారు. మేము దాన్ని తీసుకెళ్లవచ్చా?

జవాబు: తీసుకెళ్లవచ్చు. అయితే ఆ హక్కు ఇల్లు మీ స్వాధీనంలో ఉన్నంతవరకే. తాళాలు అప్పగించాక పందిరి కోసం తిరిగి వెళ్తే చట్టం మీకు తోడు రాదు కాబట్టి ముందుగా ఈ మాట గుర్తుపెట్టుకోండి.

యజమాని వాదనలో కొంత బలం ఉందనే మాట ఒప్పుకోవాలి. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 3వ సెక్షన్ ప్రకారం చెట్ల మాదిరిగా నేలలో వేళ్లూనుకున్నవి, గోడల మాదిరిగా నేలలో పాతుకుని ఉన్నవి, అలా పాతుకుని ఉన్నదాన్ని శాశ్వతంగా అనుభవించడం కోసం దానికి బిగించినవి ‘భూమికి అంటి ఉన్నవి’ అవుతాయి. బోల్టులు విప్పితే ఊడి వచ్చే స్తంభాల విషయంలో మీ వాదన గట్టిదే గానీ, గోడకు బిగించిన దూలం దగ్గర మాత్రం అది ఇంటి శాశ్వత సౌకర్యం కోసమేనని ఆయన అనడానికి వీలుంది. ఇలాంటి వివాదాల్లో బిగించిన తీరుతోపాటు బిగించినప్పటి ఉద్దేశాన్ని కూడా చూడాలని డంకన్స్ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అద్దెకున్న కాలంలో వాడుకోవడానికి కట్టుకున్నారన్నది మీకు అనుకూలమైన అంశం.

నిజానికి ఆ చర్చలో ఓడినా మీ హక్కు పోదు. అదే చట్టంలోని 108(హెచ్) క్లాజు ప్రకారం, అద్దెదారు తాను భూమికి బిగించిన వస్తువులన్నిటినీ, లీజు ముగిసిన తర్వాత సైతం, ఆస్తి తన స్వాధీనంలో ఉన్నంతకాలం ఎప్పుడైనా తొలగించుకోవచ్చు. ఆ తర్వాత మాత్రం కుదరదు. ఆస్తిని తాను తీసుకున్నప్పటి స్థితిలో వదిలిపెట్టాలి. ‘నేలకు బిగించింది కాబట్టి నాది’ అనే మాటకు ఈ క్లాజే సూటి సమాధానం. నేల ఎవరిదైతే దాని మీద కట్టింది కూడా వారిదే అన్న ఇంగ్లండు సూత్రం మన దేశంలో యథాతథంగా వర్తించదని కలకత్తా హైకోర్టు ఫుల్ బెంచ్ 1866లోనే చెప్పింది.

ఇక మీ అద్దె ఒప్పందాన్ని తీసి ఒక్కో వాక్యం చదవండి. 108వ సెక్షన్‌లోని హక్కులు వ్యతిరేక ఒప్పందం గానీ స్థానిక వాడుక గానీ లేనప్పుడే వర్తిస్తాయి. ‘అద్దెదారు చేయించిన అదనపు పనులన్నీ యజమానికే చెందుతాయి’ అనే వాక్యం ఉంటే నేను పైన చెప్పినదంతా బలహీనపడుతుంది. పదకొండు నెలల గడువు ఎప్పుడో తీరిపోయినా, యజమాని అద్దె తీసుకుంటూ వచ్చారు కాబట్టి, సాధారణంగా ఆ షరతులే కొనసాగినట్టు భావిస్తారు.

యజమాని సమ్మతి లేకుండా శాశ్వత నిర్మాణం చేయకూడదని 108(పి) చెబుతోంది. సమ్మతి రాతపూర్వకంగానే ఉండాలని అందులో లేదు కాబట్టి, ఆ వాట్సాప్ సందేశం మీకు విలువైన సాక్ష్యం. ఫోను మార్చినా దాన్ని పోగొట్టుకోకండి. కోర్టులో దాఖలు చేయాల్సి వస్తే భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. వడ్రంగి రసీదు, కలప బిల్లు కూడా వెతికి పెట్టుకోండి.

విప్పే పనిలోనే చాలామంది నష్టపోతారు. ఒక కొయ్య చివరను మరో కొయ్య రంధ్రంలో దూర్చి చెక్క చీలలు కొట్టిన కీళ్లయితే, ప్రతి కీలుకూ సుద్దతో అంకె వేసి, చీలలు వెనక్కి కొట్టించి విప్పించండి. రంపం పెడితే టేకు ముక్కలు మాత్రమే మిగులుతాయి. గోడలో బోల్టుల రంధ్రాలను సిమెంటుతో పూడ్చి, అదే రంగు వేయించాలి. దిమ్మెలను తవ్వితీసి గుంతలు పూడ్చాలి, లేదా అవి ఉండవచ్చని యజమానితో రాయించుకోవాలి. తీసుకున్నప్పటి స్థితి అంటే ఇదంతానూ. గోడను పగలగొట్టి వదిలేస్తే అడ్వాన్సులోంచి మినహాయించుకునే అవకాశం మీరే ఇచ్చినవారవుతారు.

విప్పడానికి కనీసం పది రోజుల ముందు యజమానికి స్పీడ్ పోస్టులో ఒక లేఖ పంపండి. ఏ తేదీన విప్పుతారో, గోడనూ నేలనూ ఎలా బాగుచేస్తారో, అడ్వాన్సు ఎప్పటికి కావాలో అందులో రాయండి. ఆయన పందిరిని ఉంచుకోవాలనుకుంటే తగిన వెల ఇమ్మని అడగవచ్చు. విప్పిన కలపకు వచ్చే ధర తక్కువే కాబట్టి, న్యాయమైన మొత్తం ఇస్తానంటే ఒప్పుకోవడమే నయమని నా అభిప్రాయం. అది కాగితం మీద ఉండాలి, డబ్బు తాళాలకంటే ముందు చేతికి రావాలి.

విప్పనివ్వకుండా అడ్డుపడితే తోపులాటకు దిగకండి, అలాగని ఖాళీ కూడా చేయకండి. నిర్దిష్ట పరిహార చట్టం (స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్), 1963లోని 38వ సెక్షన్ కింద సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (అడ్డుపడవద్దనే ఉత్తర్వు) దావా వేసి, తాత్కాలిక ఉత్తర్వు కోరవచ్చు. పని పూర్తయిన రోజున గోడకూ పెరడుకూ తేదీ కనిపించేలా ఫొటోలు తీయించి, ఆ తర్వాతే తాళాలు అప్పగించి, అందినట్టు సంతకం తీసుకోండి.